గద్ద టోపీ

ఒబ్దులియో తెల్లగుర్రానికి ఎర్రరంగు పూసింది నేనే. ముందే ఒప్పేసుకుంటున్నాను. ఆ ఏడు ఈ ముక్క చెప్పినప్పుడు నమ్మాల్సినవాడు నమ్మలేదు. మీరైనా నమ్మండి.

వాణ్ణీ అనడానికి లేదు. ఫాదరీ గారి గాడిదకి ఆయన టోపీ పెట్టి చర్చి మెట్ల మీద నిలబెట్టింది నేను. దాని మీద పాట కట్టిందీ నేనే. ఎన్నికలప్పుడు, ఎప్పుడో చనిపోయిన మా తాత పేరు గోడల మీద రాస్తే, పాపం ఆయనకి పదకొండు ఓట్లు పడ్డాయి. బడిలో మూడో తరగతి మూడేళ్లు చదివాను. ఇంకో ఏడు కూడా చదివేవాణ్ణే, టీచరమ్మ సొరుగులో కప్పలు దొరికేసరికి వాళ్లే దండం పెట్టి పంపించేశారు. మా ఊరు శాంతో తొమాస్‌లో "సతుర్నినో చెప్పాడు" అంటే ఎవరూ రెండో ప్రశ్న అడగరు. నవ్వేసి ఊరుకుంటారు.

మా అన్న ఇలారియో దీనికి సరిగ్గా తిరగేసి. నోరు తెరిస్తే మాట లెక్క. గుర్రాల్ని లొంగదీయడంలో మా కొండల మీద వాడంతటివాడు లేడు. మూడు ఊళ్లవాళ్లు పొగరుబోతు పిల్లగుర్రాల్ని తెచ్చి మా దొడ్లో కట్టేసి పోయేవాళ్లు. వాడు వాటి చుట్టూ రెండు వారాలు తిరిగి, చెవిలో ఏదో గొణిగి, చంటిపిల్లాడు ఎక్కినా ఊరుకునేలా చేసి ఇచ్చేవాడు. ఇల్లు దాని మీదే నడిచేది. నాకు పెళ్లి లేదు, పెడాకుల్లేవు. అన్న, బెనిగ్నా వదిన, పందొమ్మిదేళ్ల కూతురు నైదా, వాళ్ల పొయ్యి దగ్గర నేను.

ఒబ్దులియో మా నైదాకి జ్ఞానస్నానం నాటి తండ్రి. ఆ వరసన మా ఇద్దరికీ బావ. నవంబరు సంతకి అరెకీపా పట్నం నుంచి ఎవరో పెద్దమనిషి వస్తున్నాడనీ, తన తెల్లగుర్రాన్ని చూపించి అమ్ముతాననీ ఊరంతా చెప్పుకు తిరిగాడు. అంతలా చెప్పుకుంటే నా చెయ్యి ఊరుకుంటుందా? వదిన ఉన్నికి వేసే రంగు ఉందే, ముళ్లజెముడు మీది పురుగుల్ని ఎండబెట్టి, నూరి, పటిక వేసి కాస్తుంది, అది ఒక డబ్బాడు పట్టుకెళ్లాను. తోక ముంచాను. జూలు ముంచాను. ఇంకా మిగిలితే బుగ్గల మీద రెండు గుండ్రాలు పెట్టాను.

అరెకీపా పెద్దమనిషి దాన్ని చూసి, సర్కస్ ఎప్పుడు మొదలవుతుందని అడిగి వెళ్లిపోయాడట.

మధ్యాహ్నానికి ఒబ్దులియో గుర్రాన్ని తాడుతో లాక్కుంటూ మా వాకిట్లోకి వచ్చాడు. "ఇలారియో! బయటికి రా!"

అప్పటిదాకా బావా అనేవాడు. ఆ రోజు పేరు పెట్టి పిలిచాడు.

నేను గోడ మీద కూర్చుని ఉన్నాను. "బావా, పెళ్లికూతుర్ని ఎక్కడికి దిగబెడుతున్నావ్?" అన్నాను.

"నువ్వు నోర్ముయ్యరా. ఇలారియో! ఈ రంగు ఊళ్లో ఒక్క ఇంట్లోనే కాస్తారు. దీనికేం చెప్తావ్?"

అన్న దొడ్లోంచి వచ్చాడు. గుర్రాన్ని చూశాడు. దాని బుగ్గలు చూశాడు. తరవాత నా చేతుల కేసి చూశాడు. నేను జేబుల్లో పెట్టేసుకున్నాను, కానీ గోళ్లకి పట్టిన ఎరుపు అప్పటికే చూసేశాడు.

"రంగు మా ఇంటిది," అన్నాడు. "చెయ్యీ మా ఇంటిదే. నేనే అనుకో."

"నువ్వా? గుర్రానికి నువ్వు ఇలాంటి పని చేస్తావా?"

"అనుకో అన్నాను కదా."

ఒబ్దులియో మొహం ఆ గుర్రం బుగ్గలకన్నా ఎర్రబడింది. "అయితే పండగనాడు పేరు పెట్టి పిలుస్తాను. వస్తావా?"

"పిలిస్తే రాకుండా ఎప్పుడున్నాను?"

రాజధాని లీమావాళ్లు క్రిస్మస్‌కి సీమకోడి తిని, తీపిరొట్టె తిని, చాక్లెట్ తాగి పడుకుంటారు. మా కొండల్లో మేమూ తింటాం, తాగుతాం. పడుకోవడమే ఉండదు. పొద్దున్నే ఉన్ని ముసుగులు వేసుకుని, ఎవడు ఎవడో తెలీకుండా సన్నగొంతులు పెట్టుకుని పాడుకుంటూ, ఎద్దుల పోటీలు జరిగే గోదాకి వెళ్తాం. ఏడాదిపాటు దాచుకున్న తగువులన్నీ అక్కడ పిడికిళ్లతో తేల్చుకుంటాం. ముందు కౌగిలించుకుంటారు, కొట్టుకుంటారు, మళ్లీ కౌగిలించుకుంటారు. ఆ రెండో కౌగిలితో తగువు చచ్చినట్టే. తరవాత దాన్ని ఎవడు ఎత్తినా సిగ్గు వాడిదే. పిలిచినవాడు వెనక్కి తగ్గినా, పిలిపించుకున్నవాడు రాకపోయినా, ఆడపిల్లలు కూడా వాణ్ణి చూసి నవ్వుతారు.

ఒబ్దులియో వెళ్లాక అన్న నాతో ఒకే ఒక్క మాటన్నాడు. "చేతులు కడుక్కో."

నాకు నవ్వొచ్చింది. ఇలారియో గోదాలో ఓడింది ఊళ్లో ఎవరూ చూడలేదు. ఈ ఏడు తమాషా మన ఇంటిదే అనుకున్నాను.

డిసెంబరు వచ్చింది. వానలు పట్టుకున్నాయి. వాకిలంతా బురద. ఒకరోజు దూడ తప్పించుకుంటే అన్న తాడు ఉచ్చు విసిరాడు. అది దూడకి జానెడు ఇవతల పడింది. మళ్లీ విసిరాడు. మళ్లీ ఇవతలే.

"అన్నా, దూడ ఇక్కడుంది! నువ్వు నిరుటి దూడకి వేస్తున్నావ్!" అని అరిచాను. పొరుగువాళ్లు గోడల మీంచి పడీపడీ నవ్వారు. అన్న తాడు చుట్టుకుని లోపలికి పోయాడు. వదిన గుమ్మంలో నిలబడి నా కేసి చూసిన చూపుకి దూడ అయినా తల దించుకునేది. నేను దించుకోలేదు.

పండగ పది రోజులుందనగా ఇంట్లో పశువులపాక బొమ్మలకొలువు పెట్టాం. కొండ మీంచి నాచు తెచ్చి పరిచి, మట్టి లామాల్ని, మా కొండల్లో బరువులు మోసే జంతువుల్ని, నిలబెట్టి, సిమెంటు సంచుల కాగితం నలిపి కొండలు చేశాం. నైదా పెట్టెలోంచి పిల్లదేవుణ్ణి, మా మాన్వెలీతోని తీసి దుమ్ము తుడుస్తోంది. పండగ రాత్రిదాకా ఆయన పెట్టెలోనే ఉంటాడు. ఏటా ఆయనకి తల దూర్చి తొడిగే కొత్త పోంచో ఒబ్దులియో ఇంటి నుంచి వచ్చేది. ఆ ఏడు రాలేదు. నిరుటిది చిరుగుపట్టి ఉంది.

"కుట్టేస్తే పోయె," అంది వదిన.

దాల్చినచెక్క, లవంగం వేసి చాక్లెట్ కాచింది. మా ఇంట్లో చాక్లెట్ పోసేది అన్నే. కూజా ఎత్తి పట్టుకుని, పైనుంచి సన్నటి తాడులా, నురగ లేచేలా పోస్తాడు. ఆ రోజూ అలాగే ఎత్తాడు. తాడు కప్పు పక్కన, బల్లగుడ్డ మీద పడింది.

"అన్నా, దాహం కప్పుకి! బల్లకి కాదు!" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. వదిన గుడ్డ తీసుకుని తుడిచింది. అన్న కూజా కింద పెట్టి దాని కేసి చూశాడు. ఒక కన్ను మూశాడు. తెరిచి, రెండోది మూశాడు. నాతో పరాచికం ఆడుతున్నాడనుకుని నేనూ తిరిగి కన్నుకొట్టాను.

ఆ కన్నుకొట్టడం ఇప్పటికీ నాకు నిద్రలో గుర్తొస్తుంది.

నైదా నా చొక్కా పట్టుకుని వంటపాక వెనక్కి ఈడ్చుకెళ్లింది. "బాబాయ్, నువ్వు అసలు మనిషివేనా?"

"మొన్నటిదాకా అనుమానమే. ఏమయిందే?"

"నాన్నకి కుడికన్ను సగమే కనిపిస్తుంది."

నేను నవ్వబోయాను. దాని మొహం చూసి ఆపుకున్నాను.

ఆగస్టులో ఒక పిల్లగుర్రం తల విసిరితే కంటి మీద తగిలిందట. అక్టోబరులో జీను కొనడానికని కుస్కో వెళ్లాడు కదా, అది జీను కోసం కాదట. అప్పుడు నేను, కుస్కోలో ఎవతినో ఉంచుకున్నాడని పదిమందిలో ఏడిపించాను. అక్కడి డాక్టరు చూసి, కంటి లోపల తెరలాంటిది ఒకటి చిరిగింది, లీమాలో ఆపరేషన్ చెయ్యాలి అన్నాడట. జనవరి తొమ్మిదికి రమ్మన్నారు. ఆ లోపల దెబ్బ తగిలిందా, కన్ను పోయినట్టే.

"గుర్రం ఎక్కొద్దన్నారు. నాన్న వినట్లేదు," అంది నైదా. "మానేస్తే ఎందుకు మానేశావని జనం అడుగుతారు. కన్ను పోతోందని తెలిస్తే గుర్రాన్ని ఎవరిస్తారు బాబాయ్? మనం ఏం తింటాం? ఇప్పుడేమో పండగనాడు ఒబ్దులియో మావయ్యతో! ఆయన కొడితే మేకు దిగ్గొట్టినట్టే ఉంటుంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెప్తే మర్నాటికి పాట కడతావు."

ఫాదరీ గారి గాడిద ఎక్కడో అరిచినట్టయింది.

"ఆ గుర్రానికి రంగు..." అని మొదలెట్టాను.

"తెలుసు. ఇంట్లో అందరికీ తెలుసు. నీ గోళ్లు చూసుకున్నావా, ఇంకా వదల్లేదు."

మర్నాడు పొద్దున్నే ఒబ్దులియో ఇంటికెళ్లాను. జీను కుడుతున్నాడు. పెళ్లికూతురు పక్కనే గడ్డి తింటోంది. వానలకి తోక గులాబీరంగులోకి దిగింది.

"బావా, ఆ పని నాది. అన్నది కాదు. పండగనాడు నన్ను పిలువు."

దబ్బనం ఆపాడు. "నీదా?"

"నాదే. చూడు గోళ్లు."

"మీ వదిన ఉన్నికి రంగులేస్తుంటే డబ్బాలు మోసేది నువ్వే కదరా. నీ గోళ్లు ఏ రంగులో లేకపోతే ఆశ్చర్యం గానీ." మళ్లీ కుట్టుకోవడం మొదలెట్టాడు. "నా పెళ్లినాడు ఫాదరీ గారికి జబ్బు చేసిందని కబురు తెచ్చావు. జనం సగం లేచిపోయారు. గుర్తుందా?"

"అది అబద్ధం. ఇది నిజం."

"మా అమ్మ కోడిని కాకి ఎత్తుకుపోయిందన్నావు. అది నీ పొట్టలో ఉంది."

"బావా, మాన్వెలీతో మీద ఒట్టు."

ఒట్టు వినగానే తలెత్తి చూశాడు. ఆ చూపులో నాకు కావాల్సింది లేదు. "ఓహో. మీ అన్న పంపాడా? భయం పుట్టిందా వాడికి?"

"అన్నకి భయమా!"

"మరి ఎప్పుడూ లేంది నువ్వు తగువు తీర్చడానికి వచ్చావేంటి? ఇంకొక్క మాట మాట్లాడావంటే, ఇలారియో తమ్ముణ్ణి రాయబారం పంపాడని సంతలో చెప్తాను."

అసలు కారణం చెప్తే ఆగేవాడే. కానీ చెప్తే అన్న కన్ను సంగతి ఊరెక్కుతుంది. నోటిదాకా వచ్చింది మింగేసి, "సరదాకి వచ్చాను బావా, నీ పెళ్లికూతుర్ని చూసిపోదామని," అన్నాను. అది మాత్రం ఇట్టే నమ్మాడు.

సాయంత్రం అన్న దగ్గర కూర్చున్నాను. తోలు కాళ్లతొడుగులకి కొవ్వు రాస్తున్నాడు. "అందరి ముందూ నేనే చేశానని ఒప్పుకుంటాను," అన్నాను.

"పిలిచింది నన్ను."

"అన్నా..."

"ఇంటికి పెద్దని నేను. నువ్వు నవ్వించు. అది నీ పని."

కోపంగా అన్నా బాగుండేది. గడ్డి వెయ్యరా అన్నట్టు అన్నాడు.

పండగ రాత్రి చర్చికెళ్లొచ్చి, మాన్వెలీతోని కుట్టు వేసిన పాత పోంచోతోనే నాచు మీద పడుకోబెట్టాం. కోడి తిన్నాం, తీపిరొట్టె కోసుకున్నాం. నేను ఒక్క జోకూ వెయ్యలేదు. వదిన నా నుదురు ముట్టుకుని చూసింది, జ్వరమేమో అని.

తెల్లవారకముందే లేచాను. మా అన్న పండగ వేషం ఊరందరికీ తెలుసు. ఎర్రా పచ్చా ఉన్ని ముసుగు, తోలు తొడుగులు, పైన టోపీ. టోపీ మీద రెక్కలు విప్పిన ఎండుగద్ద. ఆ గద్ద కనబడితే జనం "ఇలారియో" అంటారు, లోపల ఎవడున్నాడని చూడరు. అవన్నీ ఎత్తేశాను. వాడి బూట్లు నా కాళ్లకి రెండు వేళ్లు పెద్దవి, ఉన్ని కుక్కి వేసుకున్నాను. వాడి రెండో జత బూట్లు కాగితం కొండల వెనక, మాన్వెలీతో తల దగ్గర దాచాను. అక్కడ వెతకాలని ఎవరికీ తోచదు. అన్న గది తలుపు బయటినుంచి వాడి తాడుతోనే, వాడు నేర్పిన ముడితోనే బిగించాను. నా జన్మలో నవ్వు రాకుండా చేసిన చిలిపిపని అదొక్కటే.

గోదా నిండా జనం. సన్నజల్లు. వెయ్యి సన్నగొంతులు ఒకేసారి పాడుతుంటే గాలికే జ్వరం వచ్చినట్టుంది. కొరడాలు పట్టుకున్న పెద్దలు నడిమధ్య ఖాళీ చేశారు. ఇద్దరు కొట్టుకుని కౌగిలించుకున్నారు. తరవాత ఇద్దరు ఆడవాళ్లు, ఒక గొర్రె తగువు మీద. ఆ తరవాత ఒబ్దులియో ముందుకొచ్చి ముసుగు మీంచి అరిచాడు.

"ఇలారియో!"

"ఇక్కడే!" అన్నాను సన్నగా. ముసుగుల పండగలో సన్నగొంతులన్నీ ఒకటే. అన్నలాగా నెమ్మదిగా, భుజాలు కదలకుండా నడిచాను. చేతులకి గుడ్డ చుట్టారు. కౌగిలించుకున్నాం.

కొట్టుకోవడం గురించి చెప్పాలంటే, నేను కొట్టింది తక్కువ. ఇరవై ఏళ్లుగా గట్టు మీద కూర్చుని పడినవాళ్ల మీద జోకులేసినవాణ్ణి. పడడం ఎంత తొందరగా అయిపోతుందో అప్పుడే తెలిసింది. మొదటిది చెవి మీద, రెండోది డొక్కలో. మూడోది నోటి మీద పడేసరికి పన్ను ఒకటి నాలుక కింద గులకరాయిలా దొర్లింది. నేను గుడ్డిగా విసిరిన ఒకటి ఆయన ముక్కుకి తగిలింది. అది ఎలా తగిలిందో మా ఇద్దరికీ అర్థం కాలేదు. మళ్లీ పడ్డాను. గద్ద బురదలో పడింది. కొరడా మధ్యలోకి వచ్చింది. "చాలు!"

రెండో కౌగిలి. ఒబ్దులియో నా చెవి దగ్గర రొప్పుతూ అన్నాడు, "ఇలారియో పిడికిలి నాకు తెలుసు. ఇది వాడిది కాదు. ఇది పిండి పిసికే చెయ్యి."

"గుర్రానికి రంగు పూసిన చెయ్యి బావా."

"నిజంగా నువ్వేనా?"

"ఒట్టు కూడా వేశాను కదా."

నా వీపు మీద చరిచాడు, దెబ్బకన్నా గట్టిగా. జనం కేసి తిరిగి, "ఇలారియో బావకీ నాకూ తగువు తీరిపోయింది!" అని అరిచాడు. నా ముసుగు జోలికి పోలేదు. ఆ మాట కోసం ఆయనకి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

అంతా అయిపోయిందనుకున్నాను. ఇంటికెళ్లి పన్ను వెతుక్కోవచ్చనుకున్నాను.

"సతుర్నినో."

సన్నగొంతు కాదు. సొంతగొంతు. అన్న ముసుగు లేకుండా, టోపీ లేకుండా, టైరు చెప్పులతో మోకాళ్లదాకా బురదతో నిలబడి ఉన్నాడు. కిటికీలోంచి దూకినట్టున్నాడు. జనం ఒకసారి వాడి కేసి, ఒకసారి నా కేసి చూసి గొల్లుమన్నారు. "ఒక ఇలారియో చాలడని రెండోవాణ్ణి తెచ్చారే!"

అన్న వచ్చి నా ముసుగు లాగేశాడు. బురదలోంచి గద్ద టోపీ తీసి పట్టుకున్నాడు. "నా పేరు మీద దిగావు," అన్నాడు. "పేరు పెట్టి పిలుస్తున్నాను. రా."

పిలిస్తే రావాలి. కౌగిలించుకున్నప్పుడు వాడి చెవిలో గబగబా అన్నాను, "అన్నా, కన్ను! జనవరి తొమ్మిది!"

వాడి వీపు కర్రలా బిగిసింది. "నీకెవరు చెప్పారు?"

"నేను చెయ్యెత్తను. నువ్వొకటి కొట్టి వదిలెయ్."

విడిపోయాం. చేతులు దించుకుని నిలబడ్డాను. అన్న పిడికిలి వచ్చింది. మా కొండల మీద అందరికీ తెలిసిన పిడికిలి, గురి తప్పనిది. అది నా ముక్కుకి జానెడు ఇవతల, ఒట్టిగాలిలో ఆగిపోయింది.

జనం మళ్లీ నవ్వారు. మా ఇద్దరం కలిసి ఏదో వేషం కట్టామనుకున్నారు.

అన్న తన పిడికిలి కేసి చూసుకున్నాడు. ఒక కన్ను మూశాడు. తెరిచి, రెండోది మూశాడు.

చాక్లెట్ కూజా దగ్గర చేసినట్టే.

ఆ కంట్లో సగం కూడా మిగల్లేదు. వాడు మళ్లీ చెయ్యి వెనక్కి తీస్తున్నాడు. చుట్టూ ఉన్నది గుర్రాలవాళ్లు. చెవి కదలికని బట్టి కాలి కుంటు చెప్పగలిగేవాళ్లు. ఒకసారి తప్పితే వేషం అనుకుంటారు, రెండోసారి తప్పితే ఏమనుకుంటారు? ఒబ్దులియో అప్పటికే నవ్వడం మానేశాడు. నుదురు ముడిచి అన్న మొహంలోకే చూస్తున్నాడు.

పిడికిలి బయలుదేరింది. అది ఎక్కడ ఆగబోతోందో చూసి, ఒక అడుగు ముందుకేసి, నా మొహం అక్కడ పెట్టాను.

పడ్డాను. పడడంలో నటన ఏమీ లేదు.

కొరడా పెద్ద "అయిపోయింది!" అన్నాడు. అన్న నన్ను లేపడానికి చెయ్యి చాపాడు. అది నా భుజం పక్కన గాలిలో తడిమింది. నేనే భుజాన్ని దాని కిందికి తీసుకెళ్లాను. రెండో కౌగిలి.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"నువ్వు బల్లకి దాహమన్న రోజు. ఆ పొద్దున కుడికంట్లో ఇంకా కాస్త వెలుతురు ఉంది. సాయంత్రానికి అదీ లేదు."

జల్లు పడుతోంది. జనం పాడుతున్నారు.

"మీ వదినకి తెలీదు," అన్నాడు. "పిల్లకీ తెలీదు. పండగ పోనీ అనుకున్నాను."

"నాకెందుకు చెప్తున్నావ్? పాట కడతాను."

"కట్టు," అన్నాడు. వాడి పక్కటెముకలు నా ఛాతీకి తగిలి కదిలాయి. నవ్వాడో మరోటో, తలెత్తి చూడలేదు.

సాయంత్రం ఒబ్దులియో మా ఇంటికొచ్చాడు. ముక్కు వాచిపోయి ఉంది. చంకలో చిన్న మూట. విప్పితే మాన్వెలీతోకి కొత్త పోంచో. ఎర్రది.

"రంగు చూసి కొన్నావా అన్నయ్యా?" అంది వదిన. నైదా పకపకా నవ్వి, పిల్లదేవుడికి తొడగబోయి, కాగితం కొండ వెనక బూట్లు చూసి కెవ్వుమంది. కాసేపు ఇంట్లో అందరూ నన్ను తిట్టారు. హాయిగా ఉంది.

వదిన చాక్లెట్ దింపింది. అన్న కూజా అందుకున్నాడు. ఎత్తి పట్టుకున్నాడు. నేను బల్ల మీదికి వంగి, ఎవరి కప్పు ఎటుందో సర్దుతున్నట్టు కూర్చున్నాను. చాక్లెట్ తాడు దిగింది. వదిన కప్పుని రెండు వేళ్లు ఇటు జరిపాను. నిండింది. నైదా కప్పు జరిపాను. నిండింది.

"ఏంటయ్యా మరిదీ, ఇవాళ ఇంత బుద్ధిమంతుడివైపోయావు?" అంది వదిన.

"పన్ను పోయింది వదినా. నవ్వితే నొప్పి."

తరవాత ఒబ్దులియో కప్పు. నేను చెయ్యి చాపాను. చాపేసరికి ఆ కప్పు జరిగిపోయి ఉంది. ఒబ్దులియో వేళ్లు దాని మీద ఉన్నాయి. నా కేసి చూడలేదు. అన్న కేసీ చూడలేదు. నిండుతున్న కప్పు కేసే చూస్తూ, అలవాటుగా మాట్లాడినట్టు మాట్లాడాడు.

"ఇలారియో బావా, ఆ తెల్లది ఎలాగూ అమ్ముడుపోలేదు. జీనుకి ఇంకా సరిగ్గా ఆగట్లేదు కూడా. నీ దగ్గర వదుల్తాను. ఎప్పుడు వీలవుతుంది?"

కూజాలోంచి ధార ఒక్కసారి వణికింది. నేను కప్పు కిందికి చెయ్యి పెట్టాను, అవసరం లేకపోయింది.

"లీమాలో పనుంది," అన్నాడు అన్న. "వెళ్లొచ్చాక తీసుకురా."

"తొందరేం లేదు," అన్నాడు ఒబ్దులియో. "దాని రంగు వదలాలి కదా."